వేసవి మొత్తానికి ఒకే పాట అనేది ఇంకా మిగిలి ఉందా?

ప్రశ్న: మూలాపేట శ్రోత, నెల్లూరు

మిత్రులందరికీ నమస్కారం. అమెరికాలో మే నెల చివరి సోమవారం మొదలు సెప్టెంబరు మొదటి సోమవారం వరకు జనం ఏ పాటను ఎక్కువగా విన్నారో లెక్కగట్టి, బిల్‌బోర్డ్ పత్రిక వేసవి పాటల పట్టికను విడిగా వేస్తుంది. ఆ పట్టిక మొదలుకాక ముందు కూడా ఏ ఏటి వేసవికి ఏది పాటో చెప్పుకునే అలవాటు అక్కడివాళ్లకు ఉండేది. 1996లో ‘మాకరేనా’ 14 వారాలు, 2017లో ‘డెస్పసీతో’ 16 వారాలు, 2019లో ‘ఓల్డ్ టౌన్ రోడ్’ 19 వారాలు అక్కడి ప్రధాన పట్టికలో మొదటి స్థానం వదల్లేదు. మొదటి రెండూ స్పానిష్ పాటలే అయినా ఆ భాష రానివాళ్లు కూడా పాడుకున్నారు. 2025 వేసవి పట్టికలో మొదట నిలిచిన ‘ఆర్డినరీ’ మాత్రం ఫిబ్రవరిలోనే వచ్చిన నింపాది ప్రేమగీతం. వీధిలో చిందులు వేయించే పాట కాదది. వేసవి పాట అనేదే పోయిందా అన్న చర్చ అక్కడ అందుకే ఏటా నడుస్తోంది.

ఇదంతా చదివాక మన సంగతి ఏమిటన్న ఆలోచన వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ చదివే అమ్మాయికి తెలిసిన పాటలు ఇంటర్ చదివే అబ్బాయికి తెలియవు, వాళ్లిద్దరికీ తెలిసినవి నాకు తెలియవు. ముగ్గురం ఒకే కూలర్ ముందు కూర్చుని, ఎవరి ఇయర్‌ఫోన్లు వాళ్లం పెట్టుకుని ఉంటాం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వేసవికంతటికీ ఒక పాట అనేది ఒకప్పుడు నిజంగా ఉండేదా? ఉంటే ఇప్పుడు ఏమైంది? మారింది పాటలా, మనం వినే పద్ధతా? వయసు మళ్లినవాళ్ల నిట్టూర్పులు కాకుండా, కాస్త ఆధారంతో చెప్పగలవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సమాధానం: కావలి మాస్టారు

మారింది పాటలా, వినే పద్ధతా అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. ముందుగా, ఉండేదా అన్నదానికి జవాబు చెబుతాను. ఉండేది. వేసవి మనకు ఎప్పటి నుంచో సినిమాల కాలం. పిల్లల పరీక్షలు అయిపోతాయి, వరికోతలు ముగిసి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, పెళ్లి ముహూర్తాలు మొదలవుతాయి. ‘అడవి రాముడు’ 1977 ఏప్రిల్ 28న, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ 1990 మే 9న, ‘గ్యాంగ్ లీడర్’ సరిగ్గా ఏడాది తిరిగి 1991 మే 9న, ‘పోకిరి’ 2006 ఏప్రిల్ 28న విడుదలయ్యాయంటే అది కాకతాళీయం కాదు. 1990 మేలో అయితే ఆ సినిమా వచ్చిన రోజునే కోస్తా మీద పెను తుపాను విరుచుకుపడింది. అయినా నెల తిరిగేసరికి ‘అబ్బనీ తీయని దెబ్బ’ పల్లవి రానివాడు మా వీధిలో కనబడలేదు. వేటూరి గారి మాటకు, ఇళయరాజా గారి బాణీకి, తిప్పరాజువారి వీధిలో ఇల్లున్న మన బాలు గారి గొంతుకు అడ్డం వచ్చే శక్తి ఆ తుపానుకు కూడా లేకపోయింది.

అయితే ఆ పాటలు అందరివీ కావడానికి వాటి గొప్పతనం ఒక్కటే కారణమని నేను అనను. అంతకు ముందు తరంలో మధ్యాహ్నం పూట సిలోన్ రేడియోలో మీనాక్షి పొన్నుదురై గారు వేసిన పాటలే వీధి వీధంతా విన్నది, ఎందుకంటే వినడానికి ఆ వేళ అవే ఉన్నాయి. క్యాసెట్ల కాలంలోనూ జరిగింది అదే. ఖాళీ క్యాసెట్టు కొని, తెల్లకాగితం మీద పాటల జాబితా రాసి రికార్డింగ్ కొట్లో ఇస్తే రెండు మూడు రోజుల్లో నింపి ఇచ్చేవారు. 60 నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు ఆరేడు పాటలు పట్టేవి, ఆఖరు పాట చరణం మధ్యలో పుటుక్కున తెగిపోయేది. కొట్టు కౌంటరు మీద మేకుకు గుచ్చిన ఆ చీటీలను తిరగేస్తే, చేతిరాతలు వేరైనా మొదటి రెండు మూడు వరుసలు దాదాపు ఒకటే ఉండేవి. అదే క్యాసెట్టు సాయంత్రానికి టీ కొట్టులోనూ, ఊళ్లో ఎవరింట్లో పెళ్లయితే వాళ్ల మైకుసెట్టులోనూ మోగేది. మనం ఎంచుకోకపోయినా పాట మన చెవిన పడేది. వద్దనుకున్నా పడేది. చెవికి తలుపు పెట్టుకునే సౌకర్యం వచ్చిన రోజునే అందరి పాట అన్నది సన్నగిల్లడం మొదలైంది.

సమాధానం: ఒంగోలు, లాయరుపేట కుర్రాడు

మాస్టారికి నమస్కారం. మీరు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు, ముగింపుతోనే ఉంది. అందరి నోటా నానే పాటలు ఇప్పటికీ వస్తున్నాయి. అవి వేసవి సినిమాలతో కలిసి రావడం తగ్గింది, అంతే. ఇటీవలి సంవత్సరాలు చూడండి. ‘బుట్టబొమ్మ’ పాట ఉన్న ‘అల వైకుంఠపురములో’ 2020 సంక్రాంతి సినిమా, ‘కుర్చీ మడతపెట్టి’ పాట ఉన్న ‘గుంటూరు కారం’ 2024 సంక్రాంతి సినిమా, రమణ గోగుల గారు ‘గోదారి గట్టు మీద’ అని మళ్లీ గొంతెత్తిన ‘సంక్రాంతికి వస్తున్నాం’ 2025 సంక్రాంతి సినిమా. వేసవిలో ఐపీఎల్ సాయంత్రాలను లాగేసుకుంటోంది. 2024లో మే 13న ఎన్నికలు రావడంతో, మే 9న రావలసిన ‘కల్కి’ జూన్ 27కు వెళ్లిపోయింది. పెద్ద సినిమా లేని వేసవిలో పెద్ద పాట ఎందుకు లేదని అడగడంలో న్యాయం లేదు.

ఇంకో మార్పును మనం తగినంతగా పట్టించుకోవడం లేదు. ఒకప్పుడు ఆడియో పండుగ రోజున పాటలన్నీ ఒకేసారి బయటికి వచ్చేవి, వాటిలోంచి ఏది మంచిదో జనమే ఏరుకునేవారు. ఇప్పుడు సినిమాకు నెలల ముందు నుంచి ఒక్కొక్క పాటనే లిరికల్ వీడియోగా వదులుతున్నారు. దాంతో పాటకు, సినిమాకు ఉన్న ముడి వదులైంది. 2021లో మంగ్లీ పాడిన ‘సారంగ దరియా’ ఫిబ్రవరి 28న వచ్చింది. ఏప్రిల్‌లో రావలసిన ‘లవ్ స్టోరీ’ సినిమా కరోనా రెండో విడత వల్ల సెప్టెంబరు 24 దాకా రాలేదు. ఆ వేసవంతా ఆ పాట సినిమా లేకుండానే ఊరూరా తిరిగింది. 2024లో కూడా అంతే. ‘పుష్ప’ రెండో భాగంలోని ‘సూసేకి’ పాట మే 29న వచ్చి ఎండలన్నీ తానే అయింది, సినిమా మాత్రం ఆగస్టు 15 నుంచి జారి డిసెంబరు 5న వచ్చింది. కనుక వేసవి పాట ఉన్నదో లేదో చూడటానికి సినిమా విడుదల తేదీలు ఇక కొలత కావు.

మరి ఏది కొలత అంటే, యూట్యూబ్ అంకెలు మాత్రం కాదు. 2019 జులైలో హిందీ ర్యాపర్ బాద్‌షా పాట ‘పాగల్’కు ఒక్క రోజులో ఏడున్నర కోట్ల వీక్షణలు వచ్చాయని ప్రకటించుకున్నారు. వాటిలో డబ్బిచ్చి వేయించిన ప్రకటనల ద్వారా వచ్చినవీ ఉన్నాయని తేలాక, అటువంటి వీక్షణలను 24 గంటల రికార్డుల లెక్కలోకి తీసుకోబోమని ఆ సెప్టెంబరులో యూట్యూబే చెప్పింది. అయినా మన అభిమాన సంఘాలు ఇవాళ్టికీ ఆ 24 గంటల అంకెల మీదే తలలు పగలగొట్టుకుంటున్నాయి. ఒక హీరో అభిమానులు రాత్రంతా మేలుకుని పదే పదే తిప్పిన పాట వాళ్లదే అవుతుంది గాని ఊరిది కాదు.

చెవికి తలుపు పెట్టుకోవడం వల్లే పాట పోయిందన్న మాస్టారి మాటకు 2020 వేసవే జవాబు. లాక్‌డౌన్‌లో టీ కొట్లు లేవు, పెళ్లి ఊరేగింపులు లేవు, మైకుసెట్లు లేవు. ఉన్నది నాలుగు గోడలు, ఒక ఫోను. సరిగ్గా అప్పుడే ‘బుట్టబొమ్మ’ ప్రపంచమంతా పాకింది. ఏప్రిల్ నెలాఖరులో ఆస్ట్రేలియా క్రికెటర్ డేవిడ్ వార్నర్ భార్యతో కలిసి దానికి టిక్‌టాక్‌లో చిందేశాడు. వీధి లేకుండానే పాట వీధంతటిదీ అయింది.

సమాధానం: కందుకూరు సౌండ్ సర్వీసు

అందరికీ నమస్కారం. నాన్నగారి మైకుసెట్టు పని నేను అందుకుని, ఇప్పుడు డీజే బాక్సులతో నడుపుతున్నాను. మా ఊరిని 2022లో ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపి, తరువాత మళ్లీ ప్రకాశంలోకి మార్చారు కనుక రెండు జిల్లాల తరఫునా రెండు మాటలు చెప్పే చనువు తీసుకుంటాను. సింగరాయకొండ, పామూరు, కనిగిరి, ఉలవపాడు వైపు వేసవి పెళ్లిళ్లకు వెళుతుంటాను. వేసవి పాట ఉందో లేదో తెలుసుకోవాలంటే వైశాఖం, జ్యేష్ఠ మాసాల్లో పెళ్లి ఊరేగింపు వెంట ఒక్క కిలోమీటరు నడిస్తే చాలునని నా నమ్మకం.

ముందు అక్కడ పని ఎలా జరుగుతుందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. చిన్న ట్రక్కు మీద బాక్సులు, వెనక జనరేటర్, లైట్లు, డ్రైవరు పక్కన మిక్సర్. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు మోగకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. పెళ్లికొడుకు ముస్తాబు ముగిసి ఊరేగింపు కదిలేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. అంటే నా చేతిలో ఉన్నది గంటన్నర. మొదటి గంట కుర్రాళ్లది. వాళ్లు ఒక్కొక్కరూ ఫోను పట్టుకుని వచ్చి “అన్నా, బ్లూటూత్ ఇయ్యన్నా” అంటారు. నేను ఇవ్వను. ఇస్తే పాట మధ్యలో వాళ్లమ్మ ఫోను చేస్తుంది, రింగ్‌టోను నాలుగు బాక్సుల్లో మోగుతుంది, అందరూ నన్ను చూస్తారు. పాట పేరు చెబితే నా పెన్‌డ్రైవ్‌లోదే వేస్తాను.

ఆ గంటలో నేను గమనించే విషయం ఒకటి ఉంది. ఇన్‌స్టాలో తిరిగే కొత్త పాట పెట్టగానే గుంపు ఒక్కసారి ఎగురుతుంది. రీల్‌లో వినబడే ఆ పదిహేను, ఇరవై సెకన్ల ముక్కకు ప్రతి ఒక్కరికీ స్టెప్పు వచ్చు, చెయ్యి ఎటు తిప్పాలో, నడుం ఎప్పుడు విరవాలో అన్నీ వచ్చు. ఆ ముక్క దాటి చరణంలోకి వెళ్లగానే కాళ్లు ఆగిపోతాయి, ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, కొందరు నీళ్ల ప్యాకెట్ కోసం పక్కకు వెళతారు. పాటలో మిగతా మూడు నిమిషాలు వాళ్లు ఎప్పుడూ వినలేదు. అందువల్ల నేనిప్పుడు అటువంటి పాటలను ముక్కలుగానే కత్తిరించి, ఒకదాని వెంట ఒకటి అతికించి పెట్టుకుంటున్నాను. లాయరుపేట తమ్ముడు చెప్పిన కొత్త పాటల్లో చాలావాటిని జనం పంచుకుంటున్న మాట నిజమే. వాళ్లు పంచుకుంటున్నది పాటలో పదో వంతు.

అసలు పరీక్ష తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. అప్పటికి ఊరేగింపు ఆడపెళ్లివారి వీధిలోకి వస్తుంది, మేనమామలు, పిన్నులు, అరుగుల మీద ముసలివాళ్లు, నిద్రమొహాల పిల్లలు అందరూ అక్కడే ఉంటారు. ఆ అరగంటలో కుర్రాళ్లను మాత్రమే ఆడించే పాట పెడితే నాకు మళ్లీ ఆ ఊళ్లో బేరం రాదు. అందరికీ తెలిసిన పాటే పెట్టాలి. ‘ఆరేసుకోబోయి పారేసుకున్నాను’ పెడితే ఇవాళ్టికీ తాత, మనవడు కలిసి అడుగేస్తారు, ఆ పాట ఉన్న ‘అడవి రాముడు’ వచ్చి యాభై ఏళ్లు కావస్తున్నా సరే. నా పెన్‌డ్రైవ్‌లో ‘చివరి అరగంట’ అని ఒక ఫోల్డరే ఉంది. ఏడాదిలో వచ్చిన కొత్త పాటల్లో ఏది ఆ ఫోల్డరులోకి చేరుతుందో అదే నా దృష్టిలో ఆ ఏటి వేసవి పాట. కొన్నేళ్లు ఏదీ చేరదు. చేరిన ఏడు ఒకటో రెండో చేరతాయి. 2025లో చేరిన పాట అసలు సినిమా పాటే కాదు. రాము రాథోడ్ పాడి యూట్యూబ్‌లో పెట్టిన ‘రాను బొంబాయికి రాను’ అది. తెలంగాణ జానపద బాణీ, మన యాస కాదు, పెద్ద హీరో లేడు, అయినా పామూరు దగ్గర ఒక పెళ్లిలో పెళ్లికూతురు మేనత్త దాన్ని రెండోసారి అడిగి వేయించుకుంది. చరణాలతో సహా పాడింది. ముక్క కాదు, మొత్తం పాట.

ఇంకో సంగతి కూడా చెప్పి ఆపుతాను. 2025 మార్చిలో వచ్చిన ‘కోర్ట్’ సినిమాలోని ‘ప్రేమలో’ పాట కుర్రకారంతా ఫోన్లలో పెట్టుకున్న పాటే, నాకూ ఇష్టమే. కానీ ఊరేగింపులో నన్ను దాన్ని వెయ్యమని అడిగినవాళ్లు తక్కువ. అది ఒంటరిగా వినే పాట. అమెరికాలో మొదట నిలిచిందని మూలాపేట అన్నగారు రాసిన పాట కూడా ఆ జాతిదే అయి ఉంటుంది. ఎక్కువమంది విన్నది, అందరూ కలిసి విన్నది ఒకటి కానక్కర్లేదు. పట్టికలు మొదటిదాన్నే లెక్కపెడతాయి.

సమాధానం: సూళ్లూరుపేట నుంచి ఒక శ్రోత

చర్చ బాగుంది గాని, ఇందులో “అందరూ” అంటున్నది ఎవరిని అన్న సందేహం నాకు మొదటి నుంచీ ఉంది. మాస్టారు చెప్పిన టీ కొట్టు, రికార్డింగ్ కొట్టు, మైకుసెట్టు మూడూ మగవాళ్లు నిలబడే చోట్లు. ఏ పాట వెయ్యాలో ఆ మైకుకు డబ్బిచ్చినవాడు చెప్పేవాడు. పరీక్షలకు చదువుకుంటున్న మాకు ఆ పాటలు కంఠతా వచ్చిన మాట నిజమే, అవి మేము కోరుకున్నవి కావు. ఇంట్లో రేడియో దగ్గర అమ్మ, పిన్ని, నేను కలిసి కూనిరాగం తీసిన పాటలు వేరు. వాటిని ఎవరూ వేసవి పాటలని లెక్కపెట్టలేదు.

ఇప్పుడు పెళ్లికి నెల ముందే పెళ్లికూతురి అక్కచెల్లెళ్లు, వదినలు వాట్సాప్‌లో ఒక పాట అనుకుని, హాల్లో సోఫా పక్కకు జరిపి స్టెప్పులు నేర్చుకుంటున్నారు. మా ఇంట్లో పోయిన వేసవిలో అదే జరిగింది. మా అత్తగారు మోకాళ్ల నొప్పి అంటూనే ముందు వరుసలో నిలబడ్డారు. కందుకూరు తమ్ముడు తీసిపారేసిన ఆ ఇరవై సెకన్ల ముక్క లేకపోతే ఆవిడ నిలబడేవారు కారు, ఎందుకంటే మొత్తం పాటకు ఆడే ఓపిక ఆవిడకు లేదు. ముక్కను పంచుకోవడం కూడా పంచుకోవడమే.

మా వైపు ఇంకో చిక్కు ఉంది. తడ దాటితే తమిళనాడు. సరిహద్దు ఊళ్లలో 2022 ఎండలకు ఒక పక్క ‘నాటు నాటు’, ఇంకో పక్క అనిరుధ్ తమిళ పాట ‘అరబిక్ కుత్తు’ మోగాయి. మద్రాసు కంపెనీలకు రోజూ వెళ్లివచ్చే పిల్లలకు రెండూ సొంత పాటలే. ఏ పట్టిక ప్రకారం చూసినా మా ఊరి వేసవి పాట సగం ఒక భాషలోను, సగం మరో భాషలోను ఉంటుంది. దానికి ఎవరూ బాధపడటం లేదు.

తిరుగు జవాబు: మూలాపేట శ్రోత

ఇంత వివరంగా రాసిన అందరికీ ధన్యవాదాలు. సూళ్లూరుపేట అక్కగారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను, ఒక్క చోట తప్ప. ముందుగా అనుకుని కలిసి నేర్చుకున్నవాళ్లు ఒకరినొకరు ఎరిగినవాళ్లు. పాత వేసవి పాటలో నాకు నచ్చింది ముక్కూమొహం తెలియనివాడు కూడా అదే పల్లవి అందుకోవడం. జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాల్లోనో, మైపాడు బీచ్‌లోనో అటువంటిది ఇప్పుడు జరుగుతోందా అన్నది నా సందేహం. కందుకూరు సౌండ్ సర్వీసు వారిని ఒకటి అడగాలని ఉంది. మీ ‘చివరి అరగంట’ ఫోల్డరులో 2015 తరువాత వచ్చిన పాటలు ఎన్ని వంతులు ఉంటాయి?

సమాధానం: కందుకూరు సౌండ్ సర్వీసు

అన్నగారూ, పెన్‌డ్రైవ్ ముందు పెట్టుకునే రాస్తున్నాను. నాలుగో వంతుకు కాస్త తక్కువ. వాటిలో ‘రంగస్థలం’ పాటలు రెండు, ‘నాటు నాటు’, ‘బుట్టబొమ్మ’, ‘సారంగ దరియా’, ఇప్పుడు ‘రాను బొంబాయికి రాను’ ఉన్నాయి. మీరు అడిగిన ముక్కూమొహం తెలియనివాళ్ల సంగతికి వస్తే, జాతీయ రహదారి పక్కన ఊరేగింపు సాగేటప్పుడు చెన్నై వైపు వెళ్లే లారీలు నెమ్మదిస్తాయి. ‘నాటు నాటు’ మోగుతుంటే క్లీనరు దిగి రెండు స్టెప్పులు వేసి మళ్లీ ఎక్కడం నేను చూశాను, ఆ లారీకి ఒడిశా నంబరు ఉంది. కొత్తగా చేర్చదగ్గ పాట ఏదైనా మీ పిల్లల ఫోన్లలో ఉంటే పేరు పంపండి, వచ్చే ముహూర్తాలకు తొమ్మిదిన్నరకు ఒకసారి వేసి చూస్తాను.